తప్పొప్పుల పట్టిక

పుస్తకం చివర అచ్చువేసే తప్పొప్పుల పట్టికను చదివేవారు బహు తక్కువ. చదివినవారిలో మళ్లీ, కలం పుచ్చుకుని, ఫలానా పుటలో ఫలానా పంక్తి వెతికి, తమ ప్రతిలో దిద్దుకునేవారు ఇంకా తక్కువ. గ్రంథకర్త పాపం రాత్రింబగళ్లు కూర్చుని పట్టిక తయారుచేస్తాడు. ముద్రాపకుడు దాన్ని చివరి పుటలో ఎలాగో ఇరికిస్తాడు. పాఠకుడు ఆ పుట దాకా రాకముందే నిద్రపోతాడు. తప్పు తప్పుగానే ఉండిపోతుంది. నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఈ సంగతి బాగా ఎరుగుదును. మా కాలేజీ గ్రంథాలయంలో కలంతో దిద్దిన ప్రతి ఒక్కటి చేతికి తగిలితే, ఆ దిద్దిన మహానుభావుడెవరో గాని, అతనికి మనసులోనే ఒక నమస్కారం పెడతాను.

అచ్చుయంత్రం రాకపూర్వం పరిస్థితి మరీ కష్టం. తాటాకు ప్రతికి నకలు రాసే లేఖకుడు పాత తప్పులను భక్తితో కాపాడి, వాటికి తోడు తనవి నాలుగు చేర్చేవాడు. ఒక ఊళ్లో పండితుడు దిద్దిన తప్పు పక్క ఊళ్లో పదిలంగా బతికేది. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, ఊరూరి నుంచి తెప్పించిన ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడంటే అది ఎంత చాకిరీయో ఊహించుకోవచ్చు. అంత చేసినా, దిద్దిన పాఠం ఆయన బల్లమీది ప్రతికి దక్కింది గాని, పల్లెల్లో అటకలమీద ఉన్న ప్రతులకు అందలేదు. దిద్దడం ఒక ఎత్తు. దిద్దినదాన్ని ప్రతి ప్రతికీ చేర్చడం మరొక ఎత్తు.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, తప్పొప్పుల పట్టికను కోట్ల ప్రతులకు చేరవేసి, పాఠకుడు నిద్రపోతున్నా సరే, వాడి ప్రతిలో తప్పు దానంతట అదే దిద్దుకునే ఏర్పాటు ఒకటి మన కాలంలో వచ్చింది. దాన్నే అప్‌డేట్ అంటున్నారు. మన జేబులోని ఫోను రాత్రివేళ చేసుకునేది ఆ పనే. "అబ్బ, మళ్లీ అప్‌డేటా!" అనే విసుగు వినబడని ఇల్లు ఈనాడు లేదు. మా ఇంట్లో అయితే ఆ మాట కాఫీతోపాటు వస్తుంది. కాని దాని వెనుక ఎంత బాధ్యత ఉన్నదో, అది చెడితే ఎవరి పని ఆగుతుందో, అసలు చేయకపోతే ఎవరి కొంప మునుగుతుందో నాకు తెలియజెప్పినవాడు నా పాత విద్యార్థి ఒకడు.

అతనిది బోధన్. తండ్రి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. నిజాం కాలంలో, 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీని ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. చెరకు బళ్లు బారులు తీరిన ఆ రోడ్డు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. కొడుకు అప్పటికి డిగ్రీలో ఉన్నాడు. కంప్యూటర్లు ముఖ్య విషయం, తెలుగు రెండవ భాష. నా తరగతిలో వెనక బెంచీలో కూర్చుని, ఛందస్సు మాత్రం చక్కగా పట్టుకునేవాడు. గణవిభజన లెక్క కదా, లెక్కలవాడికి అది సుళువు. చదువైన తరువాత నిజామాబాదులో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి, వాటిలో లినక్స్ వేసి అమ్మడం, ఏడాదికింత అని తీసుకుని వాటి మంచిచెడ్డలు చూసుకోవడం, ఇదీ వ్యాపారం. బోధన్, ఎడపల్లి, రుద్రూరు, వర్ని, కోటగిరి ప్రాంతాల్లో బియ్యం మిల్లులు, ఎరువుల కొట్లు, మందుల షాపులు, రెండు మూడు బడులు, అన్నీ కలిపి నలభై చోట్ల అతని యంత్రాలున్నాయి. ఆ నలభై చోట్ల వచ్చే డబ్బుతోనే ఆ ఇల్లు గడుస్తుంది.

లినక్స్ అంటే ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు. కంప్యూటరును నడిపించే మూలగ్రంథం లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు అటువంటిదాని గుండెకాయను రాసి, "ఎవరైనా చదవండి, దిద్దండి" అని లోకానికి వదిలిపెట్టాడు. అదే లినక్స్ కెర్నల్. ఈనాడు అది మూడుకోట్ల పంక్తులు దాటిన ఉద్గ్రంథం. దాని చుట్టూ కావలసినవన్నీ చేర్చి, పూర్తి గ్రంథంగా కూర్చి పంచిపెట్టే సమాజాలున్నాయి. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ వాటిలో పేరెన్నికగన్నది. ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద సేవకులు దాన్ని నడుపుతారు. ధర లేదు. మన హైదరాబాదులో కూడా స్వేచ్ఛ అనే సంస్థవారు తెలుగులో మాట్లాడే లినక్సు కోసం పాటుపడ్డారు. మా శిష్యుడు తన గిరాకులకు వేసేది డెబియన్. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్టువారు మామూలు మద్దతు ఆపేశాక, కొత్త విండోస్ ఎక్కని పాత యంత్రాలున్నవారు అతని దుకాణం వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

అసలు కథకు వస్తాను. ఒక యాసంగి కోతల కాలం. వర్ని వైపు ఒక బియ్యం మిల్లు. గేటు ముందు ధాన్యం లారీలు వరుసకట్టి ఉన్నాయి. కాంటా చీటీలిచ్చే కంప్యూటరును గుమాస్తా ఎనిమిది గంటలకు తెరిచాడు. రాత్రంతా ఆపి ఉన్న యంత్రం గనుక, తెల్లవారుజామున చేసుకోవలసిన దిద్దుబాటును తెరిచిన వెంటనే చేసుకోబోయింది. ఆ రోజు వచ్చినది మామూలు దిద్దుబాటు కాదు, కెర్నల్‌కే వచ్చినది. సరిగ్గా ఆ సమయానికి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. రాసిన అక్షరాల సిరా ఆరకముందే కాగితం లాగేసినట్టయింది. కరెంటు వచ్చాక యంత్రం తెరిస్తే నల్లటి తెర, దానిమీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు. అంతే. మా శిష్యుడు నిజామాబాదు నుంచి మోటారు సైకిలుమీద చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటిదాకా చేతిరాత చీటీలు, లారీ డ్రైవర్ల కేకలు, చెట్టు కింద కూర్చున్న హమాలీలు.

"బాగుచేయడానికి ఎంతసేపు పట్టిందోయ్?" అని అడిగాను.

"రెండు నిమిషాలు సార్," అన్నాడు తల వంచుకుని. "పాత కెర్నల్ డబ్బలనే ఉంటది. తెరిచేటప్పుడు వచ్చే లిస్టుల రెండోదాని మీద ఒత్తితే అయిపోతుండె. మందు ఇంట్లనే ఉన్నది. గని ఉన్నదని ఆయనకు నేను చెప్పలె."

ఆ మాట నాకు గుచ్చుకుంది. యంత్రం తన జాగ్రత్తలో తాను ఉన్నది. పాతప్రతిని పారేయకుండా పక్కన దాచిపెట్టుకున్నది. మనుషుల మధ్యనే ఒక మాట తక్కువైంది.

"ఇప్పుడాయన ఏమంటాడు?"

"ఇంక అప్‌డేట్ గిప్‌డేట్ ఏదొద్దు, బంద్ చేసిపో అంటుండు. మీరు జర ఒక ఉత్తరం రాసియ్యుండ్రి సార్, మంచి తెలుగుల. ఆయనకే గాదు, అందరికి ఇస్త. ఇది ఎందుకు చేస్తున్నమో తెల్వాలె."

ఉత్తరం రాయాలంటే ముందు విషయం నాకు తెలియాలి కదా! ఆదివారం ఇద్దరం కలిసి వర్ని బయలుదేరాం. దారిలో అతడు గురువు, నేను శిష్యుణ్ణి.

"అసలు ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకోవాలి?" అని మొదలుపెట్టాను.

దానికతడు 2017 నాటి సంగతి చెప్పాడు. ఆ ఏడాది మే నెలలో వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకి, లక్షల విండోస్ యంత్రాల్లో దస్త్రాలకు తాళాలు వేసి, తాళంచెవికి డబ్బు అడిగింది. ఇంగ్లండులో ఆస్పత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసువారి కంప్యూటర్లు కూడా కొన్ని దాని పాలబడ్డాయి. విడ్డూరమేమిటంటే, ఆ పురుగు దూరిన కన్నాన్ని పూడ్చే దిద్దుబాటును మైక్రోసాఫ్టువారు మార్చి నెలలోనే విడుదల చేశారు. రెండు నెలలపాటు పట్టిక అందుబాటులో ఉన్నా ప్రతులు దిద్దుకోనివారే దెబ్బతిన్నారు. లినక్సులోనూ కన్నాలు బయటపడుతూనే ఉంటాయి. పైగా దిద్దుబాటు ప్రకటించిన రోజున దొంగలు కూడా ఆ పట్టిక చదువుతారు. ఏ పుటలో ఏ పంక్తి తప్పో అందులోనే రాసి ఉంటుంది. దిద్దుకోని ప్రతి ఎక్కడున్నదని వెతకడమే వారికి మిగిలిన పని.

"నరికిన చెరకు సార్," అన్నాడు. "ఎంటనే మిల్లుకు పోవాలె. ఒక్కొక్క దినం ఆలిశమైతే రసం ఇగురుకపోతది."

బోధన్ పిల్లవాడికి ఇంతకన్న మంచి ఉపమానం ఏ అలంకారికుడు చెప్పగలడు? నరికిన చెరకును పొలంలో ఉంచితే బరువు తగ్గుతుంది, చక్కెర పడిపోతుంది. ఆ లెక్క అతని ఇంట్లో అన్నం తిన్నంత మామూలు.

"అయితే వచ్చినవి వచ్చినట్టు నలభై చోట్లా వెంటనే వేసెయ్యి," అన్నాను.

"అట్ల చేసే అమెరికా కంపెనీ ఒకటి 2024ల లోకమంతా ఆపింది," అని నవ్వాడు.

క్రౌడ్‌స్ట్రయిక్ ఉదంతం అది. యంత్రాలను దొంగల నుంచి కాపాడే కంపెనీ. 2024 జూలై 19న, మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు, చిన్న దస్త్రమొకటి గిరాకుల విండోస్ యంత్రాలకు ఒక్కసారిగా పంపింది. దానిలో దోషం. గంటా పద్దెనిమిది నిమిషాల్లో తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకున్నారు. కాని అప్పటికే, మైక్రోసాఫ్టు అంచనా ప్రకారం, 85 లక్షల యంత్రాలు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. పడిపోయిన యంత్రం కొత్త దిద్దుబాటును అందుకోలేదు గదా. మనిషి దగ్గరికి పోయి చేత్తో లేపవలసి వచ్చింది. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతిరాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చారు. వర్ని మిల్లులో గుమాస్తా రాసిన కాంటా చీటీలకూ వాటికీ కాగితం తేడాయే గాని కష్టంలో తేడా లేదు.

అంతలో మా బండి నిజాంసాగర్ కాలువ వంతెన దాటింది. కాలువ నిండుగా పారుతున్నది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ జలాశయం నీళ్లే ఈ చెరకునూ ఈ వరినీ పెంచాయి. కృష్ణా గుంటూరు సీమల నుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకుని ఇక్కడివారైపోవడానికి కూడా ఆ నీళ్లే కారణం. ఎండిన కాలువకు నీళ్లు వదిలేటప్పుడు తూములన్నీ ఒక్కసారిగా ఎత్తరు. మొదట కొంచెం వదులుతారు. లష్కర్లు గట్టు వెంట నడిచి, ఎక్కడ చెమ్మ ఊరుతున్నదో, ఎక్కడ గట్టు జారుతున్నదో చూస్తారు. బాగున్నదంటే మరికొంత. గట్టు తడిసి గట్టిపడ్డాక నిండు కాలువ. తొందరపడితే గండి పడుతుంది. గండి పడిందంటే పైవాడి పొలం మునుగుతుంది, కిందివాడి పొలం ఎండుతుంది.

"దిద్దుబాటుకు కూడా అంతే సార్," అన్నాడు. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ ఏదైనా ముందుగా తెగించినవారు వాడే అరలోకి వస్తుంది. సాధారణంగా రెండు నుంచి పది రోజులపాటు పెద్ద దోషమేదీ బయటపడకపోతే పరీక్షల అరలోకి జరుగుతుంది. అక్కడ నెలల తరబడి నలిగి, రెండేళ్లకొకసారి స్థిరమైన సంచికగా వెలువడుతుంది. 12వ సంచిక 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో వచ్చాయి. స్థిరసంచిక వెలువడ్డాక దానికి కొత్త హంగులు చేర్చరు. భద్రతకు సంబంధించినవి, ఘోరమైన తప్పులు, ఇవి మాత్రమే దిద్దుతారు. పుస్తకాలవారి భాషలో చెప్పాలంటే ద్వితీయ ముద్రణ వేరు, తప్పొప్పుల పట్టిక వేరు. మా శిష్యుడి గిరాకులకు నెలనెలా వెళ్లేది పట్టిక మాత్రమే.

నాలోని పరిశోధకుడికి ఒక అనుమానం మిగిలింది. "ఆ పట్టిక గ్రంథకర్తే పంపాడని నమ్మకమేమిటి? దారిలో ఎవడైనా ప్రక్షిప్తాలు చేర్చవచ్చు కదా!"

ప్రక్షిప్తమంటే తెలుగు పంతులుకు ఉన్న భయం మరొకరికి ఉండదు. అతడు చెప్పినది విని ముచ్చటపడ్డాను. డెబియన్ దస్త్రాలను ఎక్కడెక్కడో కాలేజీలు, సంస్థలు తమ యంత్రాల్లో ఉంచి పంచిపెడతాయి. వారెవరినీ నమ్మవలసిన పని లేదు. ప్రతి దస్త్రానికీ దాని అక్షరాలన్నిటినీ గుణించి తీసిన ఒక పొడుగాటి సంఖ్య ఉంటుంది. ఒక్క అక్షరం మారినా సంఖ్య మారిపోతుంది. ఆ సంఖ్యల జాబితామీద డెబియన్ వారి రహస్యముద్ర పడుతుంది. ఆ ముద్ర నిజమైనదో కాదో పోల్చుకునే సాధనం మన యంత్రంలో ముందే ఉంటుంది. పోలకపోతే యంత్రం ఆ దిద్దుబాటును గుమ్మంలోకి రానివ్వదు. భద్రతా జాబితాకు గడువు తేదీ కూడా వేస్తారు. పాత పట్టికను చూపించి "కొత్తవేమీ లేవు" అని మోసం చేయడం కుదరదు. మన పూర్వకవుల కావ్యాలకు ఇటువంటి ముద్ర ఉన్నట్టయితే ఎన్ని పీహెచ్.డీ.లు తప్పిపోయేవో!

"కాని ముద్ర ఉన్నంతమాత్రాన మాట మంచిదని గాదు సార్," అని మళ్లీ తనే అన్నాడు. 2024లో అదీ జరిగింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న పరికరం లినక్స్ యంత్రాలన్నిటిలోనూ ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా దానికి సేవచేసి, మంచివాడనిపించుకుని, పెత్తనం సంపాదించి, ఆ తరువాత దానిలో దొంగతలుపు పెట్టారు. ముద్రలన్నీ సక్రమమే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరపు యంత్రంలోకి ప్రవేశించడానికి మామూలుకన్న అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని అనుమానించి, తవ్వి తవ్వి, 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. అర సెకను! మన గ్రహచారం బాగుండి, ఆ సరుకు డెబియన్‌లో ముందు అరల్లోనే ఉన్నది, స్థిరసంచికలోకి రాలేదు. గట్టు వెంట నడిచిన లష్కరు చెమ్మను కనిపెట్టాడు.

మిల్లు చేరేసరికి యజమాని కాంటా గదిలోనే ఉన్నాడు. తాతల కాలంలో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. మజ్జిగ ఇప్పించాడు. తరువాత శాంతంగానే అన్నాడు: "మాస్టారూ, మీ శిష్యుడు మంచివాడండీ. వాణ్ణి వదులుకోను. కాని నడుస్తున్న బండిని ఆపి చక్రాలు మార్చే తెలివి నాకక్కర్లేదు. ఆ రోజు లారీలవాళ్లు నన్నేమన్నారో మీరు విని ఉంటే తెలిసేది."

ఆయన కోపంలో న్యాయముంది. యంత్రం బాగోగులు మనకు అప్పగించాడే గాని, తన వ్యాపారాన్ని ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారం అప్పగించలేదు. మా శిష్యుడు జవాబు చెప్పబోయి ఆగాడు. కట్టేస్తానంటే గిరాకీ నిలుస్తుంది. కట్టేశాక రేపు ఏ దొంగో దూరి ఏడాది లెక్కలకు తాళం వేస్తే, అప్పుడు అడిగేదీ ఇతణ్ణే. కట్టెయ్యనంటే, నలభైలో ఒక ఇల్లు పోయినట్టే; క్యాంపుల్లో ఒక మిల్లు మాట పది మిల్లులకు చేరడానికి సాయంత్రం దాకా కూడా పట్టదు.

చివరికి అతని నోటినుంచి వచ్చినది తన మాట కాదు, తండ్రి మాట. "మా బాపు ఫ్యాక్టరీల ఫిట్టరుండె. సీజన్ల రోలరు ముట్టుకోవద్దు అంటుండె. సీజను అయినంక అన్ని ఇప్పి, కడిగి, మళ్ల బిగిద్దురట. గని బేరింగు పొగ గక్కుతుంటె సీజనని ఊకుంటమా అని గూడ అంటుండె."

మిల్లు యజమానికి బేరింగంటే తెలుసు. కాసేపు ఆలోచించాడు. "ఏది పొగో, ఏది ఊరికే దుమ్మో నాకెలా తెలుస్తుందయ్యా?"

"అది నేను చెప్త. ఏది చేసినా ముందుగాల చెప్పి చేస్త. చెడిపోతే పాతదానికి ఎట్ల పోవాల్నో మీ గుమస్తాకు నేర్పి పోత."

"పొగ వస్తే ఎప్పుడైనా చెయ్యి, సరే. దుమ్ము దులిపే పనైతే మాత్రం అమావాస్యనాడు చేసుకో. ఆ రోజు మాకు హమాలీలు రారు, మిల్లు ఎలాగూ ఆపుతాం."

అలా కుదిరింది ఒప్పందం.

ఇక ఉత్తరం. అప్‌డేట్‌కు తెలుగులో "నవీకరణ" అనే మాట కంప్యూటర్లవారు ఇప్పటికే వాడుకలో పెట్టారు. మంచి సంస్కృత పదం. తప్పు పట్టడానికి లేదు. మొదటి చిత్తుప్రతిలో అదే రాసి, మా వీధిలో కిరాణా కొట్టాయనకు చదివి వినిపించాను. "నవీకరణ ఎవరి బిడ్డ సార్?" అని అడిగాడు. కొట్టేశాను. "మరమ్మతు" అందామంటే, చెడిపోయినదానికే మరమ్మతు. ఇవి చెడిపోయిన యంత్రాలు కావు. చివరికి మా పంతుళ్ల మాటే గెలిచింది: దిద్దుబాటు. పరీక్ష పేపరు దిద్దించుకోనివాడెవడు? అందరికీ తెలిసిన మాట. ఉత్తరం ఇలా తేలింది:

"అయ్యా, మీ కంప్యూటరులోని రాతలో అప్పుడప్పుడు తప్పులు బయటపడతాయి. వాటిని దిద్దిన కాగితం నెలకొకసారి వస్తుంది. అది ముందు మా దుకాణంలో వేసి చూస్తాము. తరువాత మా చుట్టాల కొట్లలో. ఏమీ కాలేదని తేలాకనే మీ దగ్గర, మీరు చెప్పిన రోజున, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు వేస్తాము. దొంగలు దూరే కన్నం బయటపడితే మాత్రం ఆగము. ఫోను చేసి చెప్పి ఆ రోజే పూడుస్తాము. ఎప్పుడైనా తెర నల్లబడితే భయపడవద్దు. తెరిచేటప్పుడు కనిపించే జాబితాలో కిందిదాన్ని ఎన్నుకుని, పాత కెర్నల్ ఉన్న వరుసమీద ఎంటరు నొక్కండి. పాతది ఎక్కడికీ పోలేదు."

ఆఖరి వాక్యం రాసింది అతను. నేను రాసిన ఉత్తరమంతటిలోనూ గిరాకులు వేలుపెట్టి చూపించేది ఆ వాక్యాన్నేనట.

ఉత్తరంలో చెప్పినదంతా ఇప్పుడు చేస్తున్నాడు. దుకాణంలో, గిరాకులవద్ద ఉన్నలాంటి డొక్కు యంత్రాలే మూడు పెట్టుకున్నాడు. కొత్తదానిమీద పరీక్షిస్తే ఏం లాభం, పాతదానిమీద పనిచేయాలి గాని! అక్కడ రెండు రోజులు. తరువాత మేనమామ ఎరువుల కొట్టు, చిన్నమ్మ కొడుకు మందుల షాపు. చుట్టాలు తిడితే పడవచ్చు గాని గిరాకులు తిడితే పడలేమని అతని సిద్ధాంతం. ఆ తరువాత పది చోట్ల, చివరికి మిగిలినవన్నీ. దిద్దుబాటుకు ముందు యంత్రం యథాస్థితిని ఫొటో తీసినట్టు ఒక నకలు దాచిపెడతాడు. దిద్దిన తరువాత యంత్రం తిరిగి లేచి, ప్రింటరుకు ఒక చీటీ పంపగలిగితేనే పని అయినట్టు లెక్క. గిరాకుకు కంప్యూటరంటే ఆ చీటీయే గదా! ఒక్కచోట చీటీ రాకపోయినా తక్కిన తూములన్నీ అతడు వెంటనే దించేస్తాడు.

ఇంతకన్న మంచి పద్ధతి కూడా ఉన్నది. గూగుల్‌వారి క్రోమ్‌బుక్కుల్లో ఒకే గ్రంథానికి రెండు ప్రతులు పక్కపక్కన ఉంటాయట. ఆండ్రాయిడ్‌లోనూ 2016 నాటి 7వ సంచిక నుంచి ఆ సదుపాయం వచ్చింది. మనం ఒక ప్రతి చదువుతుండగా రెండవదాన్ని చడీచప్పుడు లేకుండా దిద్దుతారు. ఈసారి తెరిచినప్పుడు దిద్దిన ప్రతి ముందుకు వస్తుంది. అది లేవకపోతే పాతప్రతి మళ్లీ తానే నిలబడుతుంది. మధ్యలో కరెంటు పోయినా చదువు ఆగదు. మా శిష్యుడు దాన్ని డొక్కు యంత్రాల్లోకి ఎలా తేవాలా అని ఆలోచిస్తున్నాడు. "జాగ డబుల్ కావాలె సార్, అదే తిప్పలు," అంటాడు.

ఆ మధ్య ఒక సాయంత్రం అతని దుకాణానికి వెళ్లాను. తండ్రి కూడా అక్కడే ఉన్నాడు. పొడుగాటి మనిషి, చేతులింకా ఫిట్టరు చేతులే. కొడుకు తెరమీద అక్షరాలు బిరబిరా పైకి పరుగెడుతుంటే కళ్లజోడు సర్దుకుని చూస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కావడంలేదని ముఖమే చెబుతున్నది.

"ఏమి చేస్తున్నడో తెలుస్తున్నదా?" అని పలకరించాను.

"ఓవర్‌హాలింగు గద సార్," అన్నాడు. "చప్పుడు లేదు, అంతే తేడ."

తరువాత తెలిసింది, ఆ దిద్దుబాటును పంపినవారిలో ఒకరు బ్రెజిల్, ఒకరు జర్మనీ, ఒకరు ఎక్కడివారో పేరును బట్టి పోల్చుకోలేకపోయాడట. జీతం పుచ్చుకుని చేసినవారు కొందరు, ఊరికే చేసినవారు కొందరు. వర్ని మిల్లులో కాంటా చీటీ ఒకటి ఆగకుండా రావడానికి ఇందరు పుట వెతికి, పంక్తి వెతికి, తప్పు దిద్ది, ముద్ర వేసి పంపారు. మిల్లు యజమాని పేరు వారికి తెలియదు. వారి పేర్లు మిల్లు యజమానికి తెలియవు. మధ్యలో నిలబడి, అటు మాటకు ఇటు హామీ పడినవాడు మాత్రం మా వెనక బెంచీ కుర్రవాడు.

మొన్న అమావాస్యనాడు పదిన్నరకు ఫోను చేశాడు. "సార్, నలభైకి ముప్పై తొమ్మిది లేచినయి."

"మరి నలభయ్యోది?"

"బడిది. ఆ హెడ్‌మాస్టరు తాళం ఏసుకుని పెండ్లికి పోయిండు. గది తెరిచినంక చేస్త."

పట్టిక తయారుగానే ఉన్నది. పాఠకుడు పెళ్లినుంచి తిరిగిరావాలి.